తప్పుదారి పట్టిన కుర్రాడు జీవితాంతం అంతేనా? వయసుతో నేరం ఎలా మారుతుంది

జిల్లా ఎడిషన్ తిరగేస్తుంటే తరచూ కంటబడే వాక్యం: "నిందితుల్లో ఇద్దరు మైనర్లు." బైకుల దొంగతనం కావచ్చు, గంజాయి కావచ్చు, రాత్రిపూట గ్యాంగుల కొట్లాట కావచ్చు. పేపరు మడిచేలోపే టీకొట్టులో తీర్పు వచ్చేస్తుంది. "మొక్కై వంగనిది మానై వంగుతుందా, వాడింక అంతే" అంటాడొకాయన. "ఏందబ్బయ్యా, కుర్రతనం. రేపు పెళ్లయి ఇద్దరు బిడ్డలు పుడితే వాడే దారికొస్తాడు" అంటాడు పక్కాయన. ఇద్దరి గొంతులోనూ అనుమానం అన్నది ఉండదు.

నేరశాస్త్రంలో దాదాపు 200 ఏళ్లుగా నడుస్తున్న పెద్ద తగువు ఈ రెండు మాటల మధ్యే. మనిషిలో నేరం చిన్నప్పుడే పాతుకుపోతుందా? లేక జీవితంతోపాటు మారుతూ పోతుందా? పిల్లల్ని పుట్టుక నుంచో బడి నుంచో మొదలుపెట్టి ముసలితనం దాకా వెంబడించిన పరిశోధనలు కొన్ని ఉన్నాయి. వాటి జవాబు టీకొట్టులోని ఇద్దరికీ పూర్తిగా నచ్చదు.

మొదలుపెట్టడం, కొనసాగడం, మానేయడం

ముందుగా ఒక చిక్కు విప్పాలి. నేరాన్ని కొలవడానికి రెండు దార్లున్నాయి. ఒకటి పోలీసు, కోర్టు రికార్డు. రెండోది, పేరు బయటపెట్టబోమని హామీ ఇచ్చి మనిషినే అడగడం. రెండో లెక్క ఎప్పుడూ పెద్దదే, ఎందుకంటే చేసిన ప్రతివాడూ దొరకడు.

ఇక ఒక మనిషి నేరజీవితాన్ని మూడు ముక్కలుగా చూస్తారు: ఎప్పుడు మొదలుపెట్టాడు, ఎన్నాళ్లు కొనసాగించాడు, ఎప్పుడు మానేశాడు. ఈ మూడింటికీ కారణం ఒకటే అయి ఉండాలని లేదు. మొదలుపెట్టించింది సావాసం కావచ్చు, కొనసాగించింది అప్పు కావచ్చు, మాన్పించింది మోకాళ్ల నొప్పి కావచ్చు. "వాడెందుకు ఇలా అయ్యాడు" అని మనం ఒకే ప్రశ్న అడిగేసి ఊరుకుంటాం. నిజానికి అక్కడున్నవి మూడు ప్రశ్నలు.

పదిహేడేళ్ల దగ్గర గుట్ట

1831లో బెల్జియం గణితవేత్త అడాల్ఫ్ కెట్లే ఫ్రాన్సు కోర్టుల లెక్కలు ముందేసుకుని, నిందితులను వయసులవారీగా విడదీశాడు. నేరం వైపు మొగ్గు 25 ఏళ్ల ప్రాంతంలో శిఖరానికి చేరి, ఆపైన తగ్గుతూ పోయింది. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో గీసిన గీతలు చాలావరకు ఇదే ఆకారంలో వచ్చాయి. పన్నెండు పదమూడేళ్లకు పైకి లేవడం, పద్దెనిమిది అటూ ఇటూగా గుట్ట కట్టడం, ఇరవైల్లో జారడం. మన దేశంలో జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా ఇచ్చే లెక్కల్లోనూ, పట్టుబడిన మైనర్లలో ముప్పావు వంతుకు పైగా 16 నుంచి 18 ఏళ్ల మధ్యవాళ్లే ఉంటున్నారు.

గుట్ట ఎందుకు వస్తుందన్నదానికి మెదడు పరిశోధకులు ఒక కారణం చెబుతారు. కొత్తదనం కోసం, మెప్పు కోసం తహతహలాడే భాగం యవ్వనం మొదట్లోనే జోరందుకుంటుంది. "ఆగరా" అని చెప్పే భాగం మాత్రం ఇరవైల నడిమి దాకా నింపాదిగా ముదురుతుంది. 2005లో అమెరికాలో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ కారు నడిపే వీడియో గేమ్ ఒకటి ఆడించి చూశారు. పెద్దవాళ్లు ఒంటరిగా ఆడినా, పక్కన తమ వయసువాళ్లున్నా తీసుకున్న తెగింపులో పెద్దగా తేడా లేదు. పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లలు మాత్రం పక్కన తోటివాళ్లు కూర్చుంటే బాగా తెగించారు. ట్రంకు రోడ్డు మీద ఒక బండి పైన ముగ్గురు కుర్రాళ్లు పోవడం చూసినవాళ్లకు దీన్ని వివరించక్కర్లేదు.

కానీ గుట్టని చూసి తొందరపడకూడదు. అదే ఆకారం రెండు రకాలుగా ఏర్పడవచ్చు. పదిహేడేళ్ల వయసులో చాలామంది తలా ఒక తప్పు చేసి ఆపేసినా గుట్ట కడుతుంది. కొద్దిమంది విడవకుండా చేస్తున్నా కడుతుంది. మొత్తం లెక్కలో మనుషులు విడివిడిగా కనిపించరు. అందుకే మనుషుల్నే వెంబడించాల్సి వచ్చింది.

ఫిలడెల్ఫియా ఆరు శాతం

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1945లో పుట్టి, పదేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఆ ఊళ్లోనే పెరిగిన 9,945 మంది మగపిల్లల రికార్డులను మార్విన్ వోల్ఫ్‌గాంగ్ బృందం తీసింది. ఫలితాలు 1972లో వచ్చాయి. మూడింట ఒక వంతుకు పైగా పిల్లల పేరు ఏదో ఒకసారి పోలీసు కాగితంలో ఉంది. కానీ ఐదు, అంతకుమించి సార్లు పట్టుబడ్డవాళ్లు 627 మందే, అంటే దాదాపు 6 శాతం. మొత్తం నేరాల్లో సగానికి పైగా, 52 శాతం, వీళ్ల ఖాతాలోనివే. లండన్ దక్షిణ ప్రాంతంలో 1961 నుంచి 411 మంది అబ్బాయిలను వెంబడించిన కేంబ్రిడ్జి అధ్యయనంలోనూ ఇదే కథ. యాభై ఏళ్లొచ్చేసరికి పదిమందిలో నలుగురికి ఏదో ఒక శిక్ష పడింది, కానీ శిక్షల్లో సగం చిన్న గుంపువే.

పోలీసులకు ఈ అంకె ఎంత నచ్చి ఉంటుందో ఊహించవచ్చు. నూటికి ఆ ఆరుగురిని ముందే పట్టేస్తే సగం నేరం పోతుంది కదా! వినడానికి బాగానే ఉంది. అసలు తిరకాసు "ముందే" అన్న మాటలో ఉంది.

జైలు గేటు నుంచి చూపు, బడి గేటు నుంచి చూపు

అమెరికా సామాజిక శాస్త్రవేత్త లీ రాబిన్స్, సెయింట్ లూయిస్‌లో ఒక పిల్లల క్లినిక్‌కు వచ్చిన 524 మందిని ముప్పై ఏళ్ల తర్వాత వెతికి పట్టుకుని, 1966లో ఫలితాలు ప్రచురించింది. ఆ తర్వాత ఆమె తేల్చిన విషయం విచిత్రంగా ఉంటుంది. పెద్దయ్యాక సంఘవిరోధిగా బతికేవాళ్లు దాదాపు అందరూ చిన్నప్పుడూ అలాంటివాళ్లే. కానీ చిన్నప్పుడు అలా ఉన్న పిల్లల్లో ఎక్కువమంది పెద్దయ్యాక అలా మిగల్లేదు.

ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి? లెక్క వేసి చూద్దాం. ఈ అంకెలు అర్థం కావడానికి నేను వేసుకున్నవి, ఏ సర్వేవీ కావు. ఒక మండలంలోని హైస్కూళ్లలో 1,000 మంది మగపిల్లలున్నారు అనుకుందాం. వాళ్లలో 100 మంది ఎనిమిదో తరగతికే కొట్లాటలు, చిల్లర దొంగతనాలు, బడి ఎగ్గొట్టడంలో ఆరితేరారు. ముప్పై ఏళ్లు వచ్చేసరికి ఆ 100లో 30 మంది ఇంకా కేసుల్లో తిరుగుతున్నారు. నెమ్మదస్తులైన మిగతా 900 మంది నుంచి 5 మంది ఆ దారి పట్టారు.

ఇప్పుడు చెముడుగుంట సెంట్రల్ జైలు గేటు దగ్గర నిలబడి చూడండి. 35 మందిలో 30 మంది, అంటే 86 శాతం, బడిలోనే చెడ్డపేరు తెచ్చుకున్నవాళ్లు. "మొక్కై వంగనిది" అన్నాయన గెలిచినట్టే. అదే హైస్కూలు హెడ్మాస్టరు కుర్చీలో కూర్చుని ముందుకు చూడండి. అల్లరి ముద్ర పడిన 100 మందిలో 70 మంది బాగుపడ్డారు. పక్కాయన గెలిచాడు. మనుషులూ అవే, అంకెలూ అవే.

పోలీసు అధికారి ఉద్యోగమంతా జైలు గేటు వైపు నుంచే చూస్తాడు. అతనికి కనబడేది ఆ 35 మందే. బాగుపడ్డ 70 మంది స్టేషనుకొచ్చి "సార్, నేను మారిపోయాను" అని చెప్పిపోరు. ఆయన అనుభవం అబద్ధం కాదు. కాకపోతే సగం లెక్కే.

ఐదుగురు పండితులు, మూడు వాదాలు

ఆ 30 మంది ఎవరు, 70 మంది ఎవరు అన్నదాని మీద వాదాలు చీలాయి.

టెర్రీ మాఫిట్ 1993లో రెండు రకాల మనుషులున్నారంది. ఆమె పని చేసింది న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972–73లో పుట్టిన 1,037 మంది పిల్లలను వెంబడించే అధ్యయనంలో. ఆమె వాదాన్ని మన వీధిలోకి తెచ్చి చూద్దాం. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఇద్దరు కుర్రాళ్లను ఊహించుకోండి. మొదటివాడు నాలుగేళ్లకే తోటిపిల్లల్ని కొరికేవాడు, కొట్టేవాడు. మాటలు ఆలస్యంగా వచ్చాయి, చదువు ఎక్కలేదు. ఇంట్లో తాగొచ్చి బాదే తండ్రి. మూడో తరగతి టీచరు విసిగిపోయి వెనక బెంచీలో కూర్చోబెట్టింది. పదేళ్లకే జేబులు కొట్టాడు. రెండోవాడు పదో తరగతి దాకా బుద్ధిమంతుడు. ఇంటర్లో సీనియర్ల వెంట తిరిగి మందు, బండి రేసులు, ఒకసారి సెల్‌ఫోన్ లాక్కోవడం. పదిహేడో ఏట ఇద్దరూ ఒకే కేసులో పట్టుబడ్డారు. ఎఫ్ఐఆర్‌లో వాళ్లిద్దరికీ తేడా కనబడదు. మాఫిట్ లెక్కలో మొదటివాడు జీవితమంతా కొనసాగే రకం, సంఖ్యలో చాలా తక్కువ. రెండోవాడు యవ్వనానికే పరిమితమైన రకం, వీళ్లే అత్యధికులు.

రెండోవాడి తప్పులకు ఆమె చెప్పిన కారణం మనకు బాగా అతుకుతుంది. పదిహేనేళ్లకే ఒళ్లు పెద్దమనిషిది అవుతుంది. సొంత డబ్బు, గౌరవం, పెళ్లి మాత్రం మరో పదేళ్లకు గానీ రావు. ఇంజనీరింగ్ సప్లీలు రాసుకుంటూ ఇరవై నాలుగేళ్ల దాకా నాన్న దగ్గర పెట్రోలు డబ్బులు అడిగే కుర్రాళ్లున్న ప్రాంతంలో ఆ సందు ఇంకాస్త వెడల్పు. ఆ సందులో పెద్దరికం చూపించుకోవడానికి తప్పులు చేస్తారు, సందు మూసుకుపోగానే మానేస్తారు. (ఆడపిల్లల సంగతి: డునెడిన్‌లో చిన్నప్పుడే మొదలైన రకంలో పదిమంది మగపిల్లలకు ఒక ఆడపిల్ల తేలింది. యవ్వనంలో మొదలైన రకంలో తేడా అంత లేదు.)

మైకేల్ గాట్‌ఫ్రెడ్‌సన్, ట్రావిస్ హిర్షీ 1990లో వేరే మాట చెప్పారు. రెండు రకాల్లేవు, ఉన్నది ఒకే సరుకు: తనను తాను అదుపు చేసుకునే శక్తి. ఎనిమిది పదేళ్లలోపు పెంపకంలో అది ఎంత పట్టుబడితే అంత, తర్వాత మనిషికీ మనిషికీ ఆ తేడా అలాగే ఉండిపోతుంది. వయసుతో అందరి నేరమూ తగ్గుతుంది గానీ వరస మారదు. ఇరవైలో ముందున్నవాడు నలభైలోనూ మిగతావాళ్లకన్నా ముందే ఉంటాడు, కాకపోతే ఇద్దరూ కిందకు దిగి ఉంటారు.

మూడో వాదం వెనక ఒక కథ ఉంది. హార్వర్డ్‌కు చెందిన షెల్డన్, ఎలియనోర్ గ్లూక్ దంపతులు బోస్టన్‌లో 500 మంది నేరం చేసిన కుర్రాళ్లను, 500 మంది చేయని కుర్రాళ్లను పోల్చి 1950లో పుస్తకం వేశారు. ఆ కాగితాలు లైబ్రరీ నేలమాళిగలో అట్టపెట్టెల్లో పడి ఉంటే, 1980లలో రాబర్ట్ శాంప్సన్, జాన్ లాబ్ బయటకు తీశారు. కంప్యూటర్‌లోకి ఎక్కించారు. తర్వాత ఆ నేరం చేసిన 500 మంది రికార్డులను డెబ్బై ఏళ్ల వయసు దాకా వెతికి, వాళ్లలో 52 మందిని కలిసి మాట్లాడారు. బాల్యం ఎంత ఘోరంగా ఉన్నవాళ్లయినా చివరికి దాదాపు అందరూ తగ్గిపోయారని, ఎవరు ఎప్పుడు మానేస్తారో చిన్నప్పటి వివరాలను బట్టి చెప్పలేమని వాళ్లు తేల్చారు. తేడా తెచ్చినవి నడిమి మలుపులు: పెళ్లి, పని, సైన్యం, ఊరు మారడం.

నా దృష్టిలో మాఫిట్ గీసిన ఇద్దరు కుర్రాళ్ల బొమ్మ మనుషుల్ని గుర్తుపట్టడానికి పనికొస్తుంది. కానీ పదేళ్ల పిల్లాడి నుదుట "జీవితాంతం" అని రాయడానికి మాత్రం బోస్టన్ లెక్కలు ఒప్పుకోవు.

పెళ్లి చేస్తే మారతాడా?

బోస్టన్ మగవాళ్లలో పెళ్లైన కాలంలో నేరం చేసే అవకాశం సగటున 35 శాతం తగ్గిందని శాంప్సన్, లాబ్, క్రిస్టఫర్ వైమర్ 2006లో లెక్కగట్టారు. ఒకే మనిషి పెళ్లిలో ఉన్నప్పుడూ లేనప్పుడూ ఎలా ఉన్నాడో పోల్చిన లెక్క ఇది. సాయంత్రాలు ఇంట్లో గడుస్తాయి, పాత జట్టు విడిపోతుంది, ఎక్కడికెళ్లావని అడిగే మనిషి ఉంటుంది.

నార్వేలో టోర్కిల్డ్ లింగ్‌స్టాడ్, టోర్బ్‌యోర్న్ స్కార్డ్‌హామర్ ప్రభుత్వ రిజిస్టర్లతో అదే ప్రశ్న వేస్తే జవాబు తిరగబడింది. నేరం తగ్గుదల పెళ్లికి చాలా ముందే మొదలైంది. పెళ్లి వల్ల మారలేదు, మారినవాడికి పెళ్లయింది. మన పద్ధతిలో ఈ చిక్కుముడి మరింత బిగుస్తుంది. పిల్లనిచ్చేవాళ్లు ఊళ్లో నలుగురిని విచారించాకే సంబంధం కలుపుతారు. "పెళ్లయ్యాక బాగుపడ్డాడు" అని మనం లెక్కపెట్టే వాళ్లలో చాలామంది విచారణకు నిలబడేంత బాగుపడి పీటలెక్కినవాళ్లే కావచ్చు. బాగుపడనివాడికి కట్టబెట్టి మార్చుకోమన్నప్పుడు ఆ ప్రయోగానికి మూల్యం చెల్లించేది ఇంకొకరింటి ఆడపిల్ల. టీకొట్టు లెక్కలో ఆ అమ్మాయి ఎక్కడా ఉండదు.

పని విషయంలో ఇంకాస్త గట్టి ఆధారముంది. అమెరికాలో 1970లలో కేసుల్లో ఉన్నవాళ్లకు చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా ఎంపిక చేసి ఉద్యోగాలిచ్చారు. ఆ లెక్కల్ని క్రిస్టఫర్ అగ్గెన్ 2000లో మళ్లీ తవ్వితే, 27 ఏళ్లు, ఆపై వయసువాళ్లలో నేరం తగ్గింది, అంతకన్నా చిన్నవాళ్లలో పెద్ద తేడా రాలేదు. కృష్ణపట్నం పోర్టులోనో, చీమకుర్తి గ్రానైట్ క్వారీలోనో, రొయ్యల చెరువు కాపలాకో ఒకే పని ఇచ్చినా, పంతొమ్మిదేళ్లవాడికి అది జేబుఖర్చు, ముప్పై ఏళ్లవాడికి బతుకు. కొలువు అదే, దాన్ని అందుకునే వయసు వేరు.

గుట్టకు లొంగని నేరాలు

పైన చెప్పిందంతా ఎక్కువగా దొంగతనం, కొట్లాట, దౌర్జన్యాలకే వర్తిస్తుంది. చీటీల డబ్బుతో రాత్రికి రాత్రి ఊరు దాటేవాడు, దొంగ పత్రాలతో భూమి అమ్మేవాడు, లంచం పట్టేవాడు సాధారణంగా నలభైల్లో ఉంటాడు. కారణం తేలికే: ఆ నేరానికి ముందు నమ్మకమో, కుర్చీయో సంపాదించుకోవాలి. ఎర్రచందనం వ్యాపారం నడిపేవాడిది కూడా కుర్రతనం కాదు.

ముద్ర వేస్తే తగ్గుతుందా, పెరుగుతుందా?

ఈ ప్రశ్నకు మన ప్రాంతంలో పాత చరిత్ర ఉంది. పుట్టుకతోనే నేరస్థులన్న ఊహను బ్రిటిష్ ప్రభుత్వం 1871లో ఏకంగా చట్టం చేసింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకల కుటుంబాలను "నేరస్థ తెగ"గా నమోదు చేసి, వేలిముద్రలు తీసుకుని, హాజరు వేయించుకుని, ఊరు దాటాలంటే పాసు తీసుకోవాలన్నారు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసే అధికారం కూడా ఉంది. నెల్లూరు జిల్లా కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్, బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ సెటిల్‌మెంట్లు నడిపాయి. దేశవ్యాప్తంగా ఆ చట్టం 1952లో రద్దయింది. 1970లలో లవణం, హేమలతా లవణం స్టూవర్టుపురంలో ఏళ్ల తరబడి పనిచేసి, చాలా కుటుంబాలను చదువు, వ్యవసాయం వైపు తిప్పారు. చట్టం పోయినా ఆ ఊళ్ల పేర్లు చెబితే జనం ముఖంలో వచ్చే మార్పు ఇప్పటికీ పోలేదు. జైళ్లలో ఈ తెగలవారిని అలవాటు నేరస్థులుగా చూడటం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో చెప్పాల్సి వచ్చిందంటే ముద్ర ఎంత మొండిదో చూడండి.

ఒక్కొక్క మనిషి మీద పడే ముద్రను కూడా కొలిచారు. లండన్ అధ్యయనంలో డేవిడ్ ఫారింగ్టన్ 1977లో చూపించిందేమంటే, అంతవరకూ సమానంగా తప్పులు చేసిన అబ్బాయిల్లో కోర్టు శిక్ష పడినవాళ్లు, తర్వాత దొరకనివాళ్లకన్నా ఎక్కువ తప్పులు చేశామని తామే చెప్పుకున్నారు. 2010లో ఆంథొనీ పెట్రోసినో బృందం 29 ప్రయోగాలను కలిపి చూస్తే, మైనర్లను మందలించి వదిలేయడం లేదా వేరే కార్యక్రమానికి పంపడం కన్నా, కోర్టు తంతు నడిపించడం నేరాన్ని తగ్గించలేదు, కాస్త పెంచింది కూడా.

రౌడీషీట్ మీద వాదం ఇక్కడే మొదలవుతుంది. అది చట్టసభ చేసిన చట్టం కాదు, పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల కింద తెరిచే ఫైలు. షీట్ ఉంటే స్టేషన్లో కౌన్సెలింగ్, పండక్కో ఎన్నికలకో ముందు తహసీల్దారు దగ్గర బైండోవర్. పోలీసుల వాదన తీసిపారేసేది కాదు. ఫిలడెల్ఫియా ఆరు శాతం లాంటివాళ్లు ఇక్కడా ఉంటారు. వాళ్లమీద కన్నేసి ఉంచకపోతే దెబ్బతినేది అదే వీధిలోని చిల్లర వ్యాపారి, సాక్షి చెప్పినవాడు. అవతలివాళ్ల వాదన: స్టోన్‌హౌస్‌పేటలోని మన ఊహాకుర్రాళ్లలో రెండోవాడికీ అదే షీట్ తెరిస్తే, మానేయబోయేవాడికి పని దొరకదు, పాత జట్టే మిగులుతుంది. ఏటా డిసెంబరు తర్వాత షీట్ కొనసాగించాలంటే గెజిటెడ్ అధికారి ఆదేశం కావాలని ఆర్డర్లలోనే ఉంది. అంటే మనిషి మారతాడన్న ఊహ ఆ ఫైల్లోనూ ఉన్నట్టే. సమీక్ష నిజంగా చేస్తారా, కాగితం మీద సంతకమేనా అన్నదాని మీద అంతా ఆధారపడి ఉంది.

చట్టం గీసిన గీతలు

ఏడేళ్లలోపు పిల్లలు చేసింది నేరమే కాదు. పన్నెండేళ్లలోపు అయితే మంచీచెడూ తెలిసే వయసుందా అని చూడాలి. 2015 బాలల న్యాయ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వాళ్లందరినీ బాలలుగానే చూస్తుంది. ఒక మినహాయింపు ఉంది. కనీస శిక్షే ఏడేళ్లు, అంతకుమించి ఉన్న ఘోరనేరం 16–18 ఏళ్లవాళ్లు చేస్తే, పెద్దవాళ్లలా విచారించాలా అని జువైనల్ బోర్డు ముందుగా అంచనా వేస్తుంది. 2012 ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత వచ్చిన మార్పు ఇది. నేరం తీవ్రతను, బాధితుల కడుపుకోతను వయసు తుడిచేయదని సమర్థించేవాళ్లు అంటారు. గుట్ట ఎక్కుతున్న వయసులో వేసే అంచనా భవిష్యత్తును చెప్పలేదని వ్యతిరేకించేవాళ్లు అంటారు. రెండోవాళ్ల వైపు రాబిన్స్ లెక్క ఉంది. కానీ శిక్షకు ఒకే కారణం భవిష్యత్తు కాదన్న మొదటివాళ్ల మాటకు ఏ లెక్కా జవాబు కాదు.

పెద్దవాళ్లలా విచారించని బాలుడి రికార్డును కొంతకాలం తర్వాత చెరిపేయాలి, ఆ కేసు వల్ల ఏ అనర్హతా రాకూడదు. పద్దెనిమిదేళ్ల ఒక నెల వయసువాడికి ఈ వెసులుబాటు లేదు. కువైట్‌కి పోదామని పాస్‌పోర్టుకు పెట్టుకుంటే వెరిఫికేషన్లో పాత కేసు లేస్తుంది. ఎన్నాళ్లు? న్యూయార్క్ రాష్ట్రంలో 1980లో మొదటిసారి అరెస్టయినవాళ్ల లెక్కలు తీసి ఆల్‌ఫ్రెడ్ బ్లమ్‌స్టీన్, కిమినోరి నకమురా 2009లో దీనికి ఒక అంకె ఇచ్చారు. పద్దెనిమిదేళ్లకు దోపిడీ కేసులో పట్టుబడినవాడు ఆ తర్వాత 7.7 ఏళ్లు శుభ్రంగా ఉంటే, అతను మళ్లీ అరెస్టయ్యే అవకాశం అదే వయసున్న మామూలు జనంతో సమానమవుతుంది.

గుట్ట పద్దెనిమిదో పుట్టినరోజున ఆగిపోదన్న సంగతి మన చట్టానికి తెలియక కాదు. 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టం 21 ఏళ్లలోపువాళ్లకు ఇంకో గీత గీసింది. యావజ్జీవం పడే నేరం కాకపోతే, జైలుకు ఎందుకు పంపాల్సి వచ్చిందో కోర్టు కారణం రాసి మరీ పంపాలి. ఆ నిర్ణయానికి ముందు ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకోవాలి: ఎలాంటి ఇల్లు, ఏం చదివాడు, ఎవరితో తిరుగుతున్నాడు, ఏం పని దొరికే వీలుంది. ఒకే కేసులో నిలబడ్డ ఆ ఇద్దరు స్టోన్‌హౌస్‌పేట కుర్రాళ్ల వయసు పదిహేడు కాకుండా పంతొమ్మిది అయి ఉంటే, ఎఫ్ఐఆర్‌లో కనబడని తేడా కోర్టు ముందుకు రావడానికి ఉన్న దారి ఆ నివేదికే.